సమ్మర్ నుంచి ఫాల్‌లోకి: హోమ్‌స్కూల్‌ని ఒక్క రోజులో మొదలుపెట్టేయకండి

ఆగస్టు వచ్చిందంటే చాలు, అమెరికాలో హోమ్‌స్కూల్ చేసే, అంటే పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పే ఇళ్లలో ఒకటే టెన్షన్. షాపుల్లో నోటుబుక్కులు, క్రేయాన్‌లు గుట్టలు పోసేస్తారు, పక్కింటివాళ్లు తమ పిల్లాడికి ఏ టీచర్ వచ్చిందో చెబుతుంటారు, మన ఇంట్లో పిల్లలు మాత్రం పదింటికి లేచి రాత్రి బట్టలతోనే సోఫాలో దొర్లుతుంటారు. అప్పుడు మనలో చాలామంది చేసే పని, క్యాలెండర్‌లో ఒక సోమవారం చూసుకుని "ఆ రోజు నుంచి అన్నీ మొదలు" అని ప్రకటించేయడం. లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్, తెలుగు, పియానో, కో-ఆప్ (హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి నడుపుకునే క్లాసులు), అన్నీ ఒక్కసారే. బుధవారానికి అందరూ ఏడుస్తుంటారు, శుక్రవారానికి అమ్మ కూడా.

బడి అలా మొదలవ్వాల్సిందే, వాళ్లకు వేరే దారి లేదు. ఒకే రోజు వందలమంది పిల్లలు, బస్సులు, టీచర్లు, అందరూ కదలాలి. మనకు ఆ అవసరమేముంది? మనం నెలన్నర తీసుకోవచ్చు. ఆగస్టు మధ్యలో మొదలుపెట్టి అక్టోబర్ మొదటికి పూర్తి స్పీడ్ అందుకుంటే చాలు. అది ఎలాగో, ఏది ముందు ఏది వెనక అన్నదే ఇక్కడ రాస్తున్నాను. మేం ఉండేది ఉత్తర వర్జీనియా కాబట్టి చట్టాలు, చెట్లు అన్నీ ఇక్కడివే చెబుతాను, మీ రాష్ట్రానికి తగ్గట్టు మార్చుకోండి.

కాగితం పని ఫస్ట్

వర్జీనియాలో ఏటా ఆగస్టు 15 లోపు మీ కౌంటీ స్కూల్ సూపరింటెండెంట్‌కి నోటీస్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఇంట్లోనే చదివిస్తామని చెప్పే ఉత్తరం పంపాలి. అందులో పెద్దగా ఏమీ ఉండదు. పిల్లల పేర్లు, ఈ ఏడాది ఏయే సబ్జెక్టులు చెబుతారో ఒక లిస్టు, మీకు చెప్పే అర్హత ఉందని ఒక రుజువు. ఆ అర్హతకు చట్టంలో నాలుగు దారులున్నాయి, మనవాళ్లలో ఎక్కువమంది వాడేది మొదటిదే: హైస్కూల్ డిప్లొమా లేదా అంతకంటే పెద్ద చదువు. మేం డిగ్రీ పట్టా కాపీ జత చేస్తాం. సబ్జెక్టుల లిస్టు అంటే లిస్టే, ఏ పుస్తకం, ఎన్ని పేజీలు, రోజుకు ఎన్ని గంటలు అని వ్యాసం రాసి పంపక్కర్లేదు. కొందరు భయంతో నాలుగు పేజీల సిలబస్ పంపిస్తారు, అడగని దానికి సమాధానం ఇవ్వడం ఎందుకో నాకు అర్థం కాదు.

దానికంటే ముందు ఇంకో తేదీ ఉంది, ఆగస్టు 1. పోయిన ఏడాది పిల్లలు ముందుకు సాగారని చూపించే రుజువు ఆ లోపు చేరాలి. ఇంట్లోనే రాయించుకునే క్యాట్ (కాలిఫోర్నియా అచీవ్‌మెంట్ టెస్ట్) లాంటి జాతీయ స్థాయి పరీక్షలో నాలుగో స్టనైన్ (మార్కుల్ని తొమ్మిది మెట్లుగా విడగొట్టే కొలతలో నాలుగోది) గానీ ఆపైన గానీ వస్తే సరిపోతుంది, అంటే పర్సంటైల్‌లో సుమారు 23 దగ్గర మొదలవుతుంది, మన తల్లిదండ్రుల లెక్కలో అది మార్కే కాదు కదా. పరీక్ష ఇష్టం లేకపోతే అర్హత ఉన్నవాళ్లతో ఇవాల్యుయేషన్ లెటర్ రాయించుకోవచ్చు. సెప్టెంబర్ 30 నాటికి ఆరేళ్లు నిండని పిల్లలకు ఈ రుజువు అక్కర్లేదు. ఏడాది మధ్యలో బడి మాన్పించినవాళ్లు, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు వీలైనంత త్వరగా చెప్పి, 30 రోజుల్లో మిగతా కాగితాలు ఇస్తే చాలు.

వేరే రాష్ట్రాల్లో లెక్క వేరు. పెన్సిల్వేనియాలో ఆగస్టు 1 లోపు అఫిడవిట్, పైగా ఏడాదికి 180 రోజులు చదివినట్టు రికార్డు. జార్జియాలో సెప్టెంబర్ 1. న్యూజెర్సీలో నోటీసే అక్కర్లేదు. టెక్సస్‌లో హోమ్‌స్కూల్‌ని ప్రైవేట్ స్కూల్ కింద లెక్కగడతారు, 1994లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది. డాలస్ చుట్టాలు "మాకు అవేం లేవే" అన్నారని మీరు ఊరుకుంటే మాత్రం కౌంటీ నుంచి ఉత్తరం వస్తుంది. పంపిన ఈమెయిల్, వాళ్ల జవాబు ప్రింట్ తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టేయండి, ఇక ఆ సంగతి మర్చిపోవచ్చు.

ఇప్పుడు నిద్ర

జూన్ చివర్లో ఇక్కడ సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దాటాక. తొమ్మిదింటి వరకూ వెలుగే. అంత వెలుతురులో "పడుకోండి" అంటే ఏ పిల్లలు వింటారు? మెల్లగా నిద్ర పదిన్నర, పదకొండుకు జరిగిపోతుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలంటారు డాక్టర్లు, టీనేజర్లకు 8 నుంచి 10. అంటే లేటుగా పడుకున్నవాళ్లు లేటుగానే లేస్తారు, అది బద్ధకం కాదు.

దీన్ని సరిచేయాలంటే పడుకునే టైమ్‌తో కుస్తీ పట్టకండి, లేచే టైమ్ పట్టుకోండి. రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుకు జరపండి. కర్టెన్లు తీసేయండి, లేవగానే కాసేపు బయట తిప్పండి, చెట్లకు నీళ్లు పోయమనండి, ఏదో ఒకటి. ఎండ ముఖాన పడాలి, అంతే. రాత్రి నిద్ర దానంతట అదే ముందుకొస్తుంది. రాత్రి తొమ్మిదింటికే పడుకోబెట్టి పొద్దున తొమ్మిదింటికి లేపితే మాత్రం ఆ పిల్ల పదకొండింటిదాకా సీలింగ్ చూస్తూ పడుకుంటుంది, మీ మధ్య గొడవ ఒక్కటే మిగులుతుంది.

ఇండియా వెళ్లొచ్చినవాళ్లకైతే ఇది ఇంకా తేలిక, చాలామంది గమనించరు. ఆగస్టులో ఇండియా మనకంటే తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది. తిరిగొచ్చిన కొత్తలో పిల్లలు సాయంత్రం ఆరేడింటికే తూలిపోతారు, తెల్లవారుజామున మూడింటికి లేచి "ఆకలేస్తోంది" అంటారు. ఆ వారం నరకమే, కాదనను. కానీ మీరు కోరుకున్న పొద్దున్నే లేవడం జెట్‌లాగ్ మీకు ఉచితంగా ఇచ్చింది. రోజులు గడిచేకొద్దీ మూడు నాలుగవుతుంది, నాలుగు ఐదున్నరవుతుంది, అలా జారుతూ జారుతూ ఏడు దగ్గరికి వచ్చాక ఆపేయండి, అక్కడినుంచి వీకెండ్ అయినా సరే ఏడుకే లేపండి. దాన్ని వదిలేస్తే మళ్లీ పదింటికి పోతుంది. సూట్‌కేసులు హాల్లో అలాగే ఉన్నా పర్లేదు, ఆవకాయ జాడీలు మాత్రం ముందు తీసేయండి.

మొదటి వారం: లెక్కలు, అంతే

కొత్త పుస్తకం తెరవకండి. పోయిన ఏడాది పుస్తకంలో చివరి మూడో వంతు నుంచి రోజుకు పది లెక్కలు, కలగలిపి. భాగహారం ఒకటి, భిన్నాలు రెండు, మాటల లెక్క ఒకటి, అలా. ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, బాగా చేస్తున్నా సరే ఆపేయండి. ఈ వారం పని ఏమిటంటే ఏది గుర్తుంది, ఏది కొట్టుకుపోయింది అని మీరు తెలుసుకోవడం. వేరు వేరు హారాలున్న భిన్నాలు కూడమంటే పైవి పైవి, కిందవి కిందవి కూడేస్తున్నారా? అయితే అక్కడే ఆగి, దోశను కోసైనా సరే మళ్లీ చెప్పండి. ఎక్కాల్లో ముందు ఎగిరిపోయేవి ఏడు, ఎనిమిది ఎక్కాలే. వాటిని కూర్చోబెట్టి వల్లె వేయించకండి, కారులో వెళ్తున్నప్పుడు తెలుగులో పాడించండి, "ఏడెనిమిదులు యాభయ్యారు" అని. ఇంగ్లిష్‌లో కంటే తెలుగులో ఆ లయ నోటికి తొందరగా పడుతుంది, మా ఇంట్లో చిన్నదానికి ఇంగ్లిష్‌లో రాని ఎక్కం తెలుగులో వచ్చేసింది.

కొత్త పుస్తకం తీశాక ఇంకో మాట. చాలా అమెరికన్ లెక్కల పుస్తకాల్లో మొదటి రెండు మూడు అధ్యాయాలు పాతవాటి పునశ్చరణే. బడిలో అన్నిరకాల పిల్లలుంటారు కాబట్టి అవి అవసరం. మీరు అధ్యాయం చివర పరీక్ష ముందే రాయించండి, బాగా రాస్తే ఆ అధ్యాయం దాటేయండి. "డబ్బులు పెట్టి కొన్నాం, ప్రతి పేజీ చేయాలి" అన్న మన మధ్యతరగతి బుద్ధి ఇక్కడ పనికిరాదు.

లెక్కలతో పాటు మొదటి వారంలో ఇంకొకటి మాత్రమే: మీరు చదివి వినిపించడం. భోజనాల తర్వాత అరగంట. పెద్ద పిల్లలకు కూడా. పన్నెండేళ్లవాడు "నేను చిన్నపిల్లాడినా" అంటాడు, రెండో అధ్యాయానికి దిండు తెచ్చుకుని పక్కన చేరతాడు.

రెండో వారం రాత పని కలపండి, మూడో వారం సైన్స్, ఆ తర్వాత చరిత్ర. ఒక్కో వారం ఒక్కటే. కలిపిన వారం పాతవి తగ్గించకండి, పెంచకండి. ఎవరికైనా జ్వరం వచ్చినా, చుట్టాలొచ్చినా ఆ వారం కొత్తది కలపకుండా అలాగే ఉండిపోండి, తర్వాతి వారం చూసుకోవచ్చు. రాత పని కొందరికి చాలా బరువుగా ఉంటుంది. వేసవిలో మూడు నెలలు పెన్సిల్ పట్టనివాడి చేయి నిజంగానే నొప్పి పెడుతుంది, నాటకం కాదు. మొదట మూడు వాక్యాలు చాలు. వాడు నోటితో చెబితే మీరు రాసి, దాన్ని చూసి వాడు ఎత్తి రాసినా అది రాతే.

పసుపు బస్సు వీధిలోకి వచ్చే మొదటి రోజు, ఇక్కడ ఆగస్టు చివర్లో, పిల్లలు కిటికీలోంచి చూస్తారు. కొందరికి ఏమీ అనిపించదు, కొందరికి లోపల గుచ్చుకుంటుంది, ముఖ్యంగా వేసవంతా కలిసి సైకిళ్లు తొక్కిన ఫ్రెండ్ ఆ బస్సెక్కితే. "నీకు బడి లేదు, ఎంత లక్కీ" అని పైపై మాటలు చెప్పకండి. ఆ రోజు ఇంట్లో కూర్చోకుండా ఎక్కడికైనా తీసుకెళ్లండి, ఆ ఫ్రెండ్ ఇంటికొచ్చే టైముకు వీధిలో ఉండేలా తిరిగి రండి. పాఠాల కంటే ఆ సాయంత్రపు ఆట ముఖ్యం.

తెలుగుకు ఆగస్టే సీజన్

సైన్స్, చరిత్ర ఆగొచ్చు గానీ తెలుగు ఆగకూడదు. ఇండియా నుంచి వచ్చిన పిల్లల తెలుగు ఆగస్టులో ఉన్నంత బాగా మళ్లీ వచ్చే ఆగస్టు వరకూ ఉండదు. కజిన్స్‌తో కొట్లాడి, కొట్టువాడితో బేరమాడి, మామయ్య స్కూటర్ మీద తిరిగి వచ్చిన నోరు అది. నెల రోజులు ఇంగ్లిష్‌లో పడితే మళ్లీ "అమ్మా, ఐ వాంట్ పెరుగు" దగ్గరికి వస్తుంది. అందుకే తెలుగు చదవడం, రాయడం మొదలుపెట్టాలంటే దిగిన వారంలోనే. మనబడి తరగతులు సెప్టెంబర్‌లో మొదలవుతాయి, చేర్పించేవాళ్లు చేర్పించండి, కానీ ఆ లోపు మూడు వారాలు వృథా చేయకండి.

మాకు పనికొచ్చిన పద్ధతి అమ్మమ్మ. పొద్దున తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరున్నర. దీపం పెట్టేసి, టీవీ సీరియళ్లు మొదలవకముందు ఆవిడకి ఖాళీ. మొదటి ఐదు నిమిషాలు "ఏరా కన్నా, ఏం తిన్నావు?", "ఉప్మా, అమ్మమ్మా", "మళ్లీ ఉప్మానా?" ఇదే. తర్వాత ఆవిడ ఆ రోజు పేపర్ కెమెరాకి అడ్డం పెట్టి పెద్ద హెడ్డింగులు చదవమంటుంది. వత్తులు తడబడితే ఆవిడ కోప్పడదు, "మళ్లీ చూడు నాన్నా" అంటుంది, నేనైతే కోప్పడతాను. పేపర్ తలకిందులుగా పట్టుకున్న రోజులూ ఉన్నాయి, అదీ ఓ ఎక్సర్‌సైజే. పదిహేను నిమిషాలకు మించనివ్వకండి, పెద్దవాళ్లకు మొహమాటం, పిల్లలకు విసుగు, రెండూ రాకముందే పెట్టేయాలి.

బయటికి వెళ్లడం ఎక్స్‌ట్రా కాదు, అదే సిలబస్

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇక్కడ ఏడాదంతటిలోకీ మంచి వాతావరణం. జులై ఉక్కపోత పోయింది, చలి ఇంకా రాలేదు, పిల్లలంతా బడిలో ఉన్నారు కాబట్టి పార్కులు, మ్యూజియంలు ఖాళీ. సరిగ్గా ఆ రెండు నెలలు పిల్లల్ని డైనింగ్ టేబుల్ దగ్గర కట్టేసే తల్లుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. జనవరి ఎక్కడికీ పోదు, అప్పుడు ఎంత కావాలంటే అంత కూర్చోవచ్చు. వారంలో ఒక పూర్తి రోజు బయటికి రాసిపెట్టండి, మంగళవారమో బుధవారమో.

ఇంట్లోనే మొదలుపెట్టండి, పెరట్లో గోంగూరతో. వేసవంతా ఆకులు కోసుకు తింటారు కదా, సెప్టెంబర్‌లో పగలు తగ్గేసరికి అదే మొక్క మొగ్గ వేస్తుంది. గోంగూర పగటి పొద్దు తగ్గితేనే పూసే రకం. ఆకులు కోయడం పిల్లల పని చేయండి, మొదటి మొగ్గ చూసినవాళ్లు ఆ కొమ్మకు ఎర్రదారం కట్టి తేదీ రాయాలి. పక్కనే ఆ రోజు సూర్యోదయం, సూర్యాస్తమయం టైములు రాసి, తీసివేసి పగలు ఎంతసేపో కట్టమనండి. గంటలు, నిమిషాలు తీసివేయడం మామూలుగా విసుగు పుట్టించే లెక్క, దీనికోసమైతే చేస్తారు. సెప్టెంబర్ 22, 23 దగ్గర ఇక్కడ పగలు రోజుకు సుమారు 2.5 నిమిషాలు తగ్గుతుంది. గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే గీత కిందికి జారడం కళ్లకు కనిపిస్తుంది. పెద్ద పిల్లలైతే మీ ఊరి టైములు, అమ్మమ్మ ఊరి టైములు రెండూ ఒకే గ్రాఫ్ మీద గీయమనండి. విజయవాడ గీత దాదాపు చదునుగా ఉంటుంది, మనది జారుడుబల్ల. ఎందుకలా అని వాళ్లే అడుగుతారు, అప్పుడు గ్లోబు తీయండి.

ఆకుల రంగు పాఠం కూడా దీనికి తోకే. పొద్దు తగ్గడం, చలి పెరగడంతో చెట్టు ఆకుల్లో పత్రహరితం తయారవడం ఆగిపోతుంది, ఉన్నది విరిగిపోతుంది. పసుపు రంగు అంతకుముందే ఆకులో ఉంది, పచ్చదనం కింద కనబడలేదు, అంతే. ఎరుపు అలా కాదు, ఆకులో చిక్కుకున్న చక్కెరతో అప్పుడు కొత్తగా తయారవుతుంది, అందుకే పగలు ఎండ, రాత్రి మంచు పడనంత చలి ఉన్న ఏడాది మేపుల్ చెట్లు బాగా ఎర్రబడతాయి. సెప్టెంబర్‌లో ఒక పచ్చని మేపుల్ ఆకు తీసుకుని ముక్కలు చేసి, రబ్బింగ్ ఆల్కహాల్ పోసిన గ్లాసులో మునిగేలా వేసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో అరగంట పెట్టండి. స్టవ్ మీద మాత్రం వద్దు, ఆవిరికి అంటుకుంటుంది, కిటికీలు కూడా తెరిచి పెట్టండి. తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితాన్ని పట్టీగా కత్తిరించి చివర అందులో ముంచి వదిలేస్తే గంటలో పచ్చ చార, దాని దగ్గర పసుపు చార విడిపోతాయి. అంటే పచ్చని ఆకులో పసుపు దాక్కుని ఉందని కళ్లారా చూస్తారు. అదే చెట్టు ఆకుతో అక్టోబర్‌లో మళ్లీ చేసి, రెండు పట్టీలు పక్కపక్కన అతికించండి.

ఉత్తర వర్జీనియావాళ్లు సెప్టెంబర్ మూడో వారంలో ఒక రోజు స్నికర్స్ గ్యాప్‌కి వెళ్లండి. రూట్ 7 బ్లూ రిడ్జ్ కొండ ఎక్కి దాటే చోట అపలేచియన్ ట్రైల్ పార్కింగ్ ఉంది, అక్కడ వాలంటీర్లు మడత కుర్చీలు వేసుకుని దక్షిణానికి వెళ్లే గద్దల్ని లెక్కపెడుతుంటారు. బ్రాడ్-వింగ్డ్ హాక్స్ అనే రకం మధ్య, దక్షిణ అమెరికాకు గుంపులుగా పోయేది ఆ రోజుల్లోనే. వేడిగాలి మీద గిర్రున తిరుగుతూ పైకి లేచి, అక్కడినుంచి రెక్క ఆడించకుండా జారిపోతాయి. చల్లగాలి వచ్చి ఆకాశం తేటపడిన మర్నాడు వెళితే బాగా కనిపిస్తాయి. పిల్లలకు చుక్కలు తప్ప ఏమీ కనబడవు మొదట, బైనాక్యులర్ ఇచ్చి ఓపిక పట్టండి. పులిహోర, నీళ్లు తీసుకెళ్లండి, దగ్గర్లో ఏమీ దొరకదు.

స్కైలైన్ డ్రైవ్ సంగతి అందరికీ తెలిసిందే, షెనాండోవా నేషనల్ పార్కులో కొండల మీది రోడ్డు, 105 మైళ్లు, అక్టోబర్ మధ్య నుంచి చివరి వరకూ రంగులు. శనివారం ఫ్రంట్ రాయల్ గేటు దగ్గర క్యూలో నిలబడి మన వాట్సాప్ గ్రూపులవాళ్లందర్నీ పలకరించి రావచ్చు, మంగళవారమైతే కొండ చూసి రావచ్చు. ఇంట్లో నాలుగో తరగతి ఈడు పిల్లలుంటే ఎవ్రీ కిడ్ అవుట్‌డోర్స్ పాస్ తీసుకోండి, హోమ్‌స్కూల్ పిల్లలకూ ఇస్తారు, సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా నేషనల్ పార్కులకు కారుతో సహా ఉచితం. వాన పడితే షాంటిలీలో ఉడ్వర్-హేజీ మ్యూజియం ఉంది, డిస్కవరీ స్పేస్ షటిల్ దగ్గర నిలబడి మెడలు నొప్పెట్టేదాకా చూడొచ్చు. లోపలికి టికెట్ లేదు, పార్కింగ్‌కి మాత్రం కడతారు.

ఇంకొక పెరటి పని: కరివేపాకు కుండీ. రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారన్‌హీట్ కిందికి దిగుతోందంటే లోపలికి తెచ్చేయాలి. ఆ టెంపరేచర్ రోజూ చూసి చెప్పే డ్యూటీ ఒక పిల్లకి అప్పజెప్పండి. తెచ్చేముందు ఆకుల అడుగున పురుగులున్నాయేమో చూసి, నీళ్లతో గట్టిగా కడిగి, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టి, నీళ్లు తగ్గించాలి. ఈ ఊళ్లో కరివేపాకు చెట్టు చచ్చిపోయిన ఇంట్లో ఆ బాధ ఎంతో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

కొనడం గురించి కొంచెం

తక్కువ కొనండి. వర్జీనియాలో ఆగస్టు మొదటి వీకెండ్, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, 20 డాలర్ల లోపు స్కూల్ సామానుకు సేల్స్ టాక్స్ ఉండదు, పెన్సిళ్లు, నోటుబుక్కులు, జిగురు అప్పుడే తెచ్చేసుకోండి. కరికులం మాత్రం వాడిన పుస్తకాలు ముందు వెతకండి. లైబ్రరీలో ఫాల్ పుస్తకాలకు ఆగస్టులోనే హోల్డ్ పెట్టండి, బడులు తెరిచాక టీచర్లు ఎత్తుకుపోతారు. ఫేస్‌బుక్‌లో ఎవరో పెట్టిన హోమ్‌స్కూల్ రూమ్ ఫొటో చూసి షెల్ఫులు ఆర్డర్ పెట్టకండి, వంటింటి బల్ల, ఒక ప్లాస్టిక్ బుట్ట చాలు.

హైస్కూల్ పిల్లలున్నవాళ్లు మాత్రం ఇక్కడ ఆలస్యం చేయకూడదు. పీఎస్ఏటీ (కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీకి ముందు పరీక్ష) అక్టోబర్‌లో ఉంటుంది, అది ఏదో ఒక బడిలోనే రాయాలి. ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి) పరీక్షలు మేలో అయినా బడులు పరీక్షలు ఆర్డర్ చేయాల్సిన గడువు నవంబర్ మధ్యలోనే. వర్జీనియాలో హోమ్‌స్కూల్ పిల్లలకు కూడా ఈ పరీక్షలు రాసే వీలు స్కూల్ బోర్డులు కల్పించాలని చట్టంలో ఉంది, కానీ కౌంటీవాళ్లు మీ ఇంటికొచ్చి అడగరు. ఆగస్టు చివర్లో కౌన్సెలింగ్ ఆఫీసుకు ఫోన్ చేయండి, జవాబు రాకపోతే ఈమెయిల్, అప్పటికీ రాకపోతే వెళ్లి కూర్చోండి.

పండగలు, కో-ఆప్, ఇంకా అమ్మ

కో-ఆప్‌లు చాలావరకూ లేబర్ డే, అంటే సెప్టెంబర్ మొదటి సోమవారం తర్వాత తెరుస్తారు. సాకర్, డాన్స్, చెస్ కూడా అప్పుడే. సైన్అప్ ఫారాలు చూసి ఉత్సాహపడకండి, మొదటి నెల ఒక్కటే బయటి క్లాసు, రెండోది అక్టోబర్‌లో చూద్దాం అని పిల్లలకు ముందే చెప్పేయండి.

మన పండగలు క్యాలెండర్‌లో ముందే రాసుకోండి. వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి అన్నీ సరిగ్గా ఈ ఊపు అందుకునే రోజుల్లోనే వస్తాయి. అసోసియేషన్లు అందరి సౌకర్యం కోసం వీకెండ్‌కి జరుపుతాయి, మనకు ఆ ఇబ్బంది లేదు, అసలు రోజునే చేసుకోవచ్చు. బతుకమ్మకు తంగేడు, గునుగు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయి గానీ, సెప్టెంబర్ నుంచి ప్రతి సూపర్ మార్కెట్ ముందూ చామంతి కుండీలే, పెరట్లో బంతి ఉండనే ఉంది. పళ్లెం అడుగు వరస ఎన్ని పూలు పట్టింది, పైవరసకు ఎన్ని తగ్గాయి అని లెక్కపెట్టించండి. ఆ రోజు వేరే లెక్కలు వద్దు.

పాఠాలు చెప్పే మనిషికి కూడా సీజన్ మారుతుంది, దాన్ని ఎవరూ ప్లాన్‌లో వేయరు. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఇంట్లో ఉండి చెప్పే అమ్మలకు "నువ్వు ఇంట్లోనే ఉంటావుగా" అని ఊళ్లో పనులన్నీ వచ్చి పడతాయి, ఎయిర్‌పోర్టు పికప్పులతో సహా. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకూ ఫోన్ ఎత్తను అని ఆగస్టులోనే అందరికీ చెప్పేయండి. ఇంటి నుంచి పనిచేసే నాన్నకు వారంలో ఒక సబ్జెక్టు పూర్తిగా అప్పజెప్పండి. సాయం చేయమని అడగడం వేరు, అప్పజెప్పడం వేరు. చరిత్ర ఆయనదైతే పుస్తకం వెతకడం నుంచి నోటుబుక్కు దిద్దడం దాకా ఆయనదే, మీరు పక్క గదిలోంచి సలహాలు ఇవ్వకూడదు. అదే కష్టం.

అక్టోబర్ మధ్యకు వచ్చేసరికి ఏదో ఒక సబ్జెక్టు రోజూ యుద్ధంగానే ఉంటుంది. దాన్ని జనవరి దాకా పక్కన పెట్టేయండి, లెక్కలు, చదవడం తప్ప. వర్జీనియాలో హోమ్‌స్కూల్‌కి రోజుల లెక్క, గంటల లెక్క లేదు కాబట్టి ఆ వెసులుబాటు వాడుకోండి.

చివరి కుదుపు నవంబర్ మొదటి ఆదివారం, గడియారం గంట వెనక్కి. సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది, బయట ఆటను మధ్యాహ్నం భోజనం అవగానే పెట్టేయండి, పాఠాలు కాస్త మిగిలినా చీకటి పడ్డాక చేసుకోవచ్చు. ఇండియాలో గడియారం మారదు కాబట్టి మన తొమ్మిది అక్కడ ఏడున్నర అయిపోతుంది, సీరియల్ మధ్యలో. ముందు ఆదివారమే అమ్మమ్మకి చెప్పి కాల్ ఎనిమిదింటికి మార్చండి. పిల్లల ఒంటికి ఇంకా పాత టైమే కాబట్టి ఏడింటికి లేచేవాళ్లు ఆ వారం ఆరింటికే లేచి కూర్చుంటారు, ఎనిమిదింటికల్లా టిఫిన్ కూడా అయిపోతుంది.